గాలిమరల అనుమతులు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గబ్బిలం రెక్కను ఎప్పుడైనా దీపం వెలుగులో చూశారా? పొడవాటి వేళ్ల మధ్య సాగే పల్చటి చర్మం, అందులో రక్తనాళాలు, గాలి కదలికను పసిగట్టే సన్నటి వెంట్రుకలు. పిడికెడు ప్రాణికి ఎంత సరంజామానో!

గాలి జోరుగా వీస్తే చాలా గబ్బిలాలు ఎగరడం తగ్గించేస్తాయి. మరలకు అవి ఎక్కువగా బలయ్యేది గాలి నెమ్మదిగా ఉన్న రాత్రుల్లోనే. అప్పుడు వచ్చే కరెంటూ తక్కువే. మర తిరగడం మొదలయ్యే గాలి వేగాన్ని సెకనుకు 5 మీటర్లకు పెంచిన చోట్ల చావులు దాదాపు సగానికి తగ్గాయి.

మీ అనుమతి పత్రంలో పక్షుల గురించి ఒక పేరా ఉంది, గబ్బిలాల ఊసే లేదు. పగటి సర్వేలో అవి కనబడవు మరి! వలస కాలపు రాత్రులకైనా, గాలి సెకనుకు 5 మీటర్ల వేగం అందుకున్నాకే మర తిరగాలన్న నిబంధన చేర్చండి. గాలిమరల డేటా పరిశోధకులకు ఇప్పించండి.

ఇట్లు,
రెక్కల మీద పనిచేసే ఒక పరిశోధకురాలు