ఇంజెక్షన్‌కు ముందు 20 సెకన్లు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను క్రోన్స్ వ్యాధి ఉన్న పేషెంటుని. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే రెండు జబ్బుల్నీ కలిపి ఐబీడీ అంటారు. పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చి ఏళ్ల తరబడి వదలని జబ్బులివి. వీటి పరిశోధనకు ఇచ్చే నిధుల్లో కొంత పేగు కదలికల మీద ఖర్చు పెట్టించండి అని అడగడానికే ఈ లేఖ.

1998లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ వచ్చిన దగ్గర్నుంచి వాపు తగ్గించే మంచి మందులు చాలానే వచ్చాయి. ఆ మేలు మరిచిపోలేం. కానీ వాపు తగ్గినా బాధ తగ్గనివాళ్లు తక్కువేం కాదు. పరిశోధనల ప్రకారం అలాంటివాళ్లు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటారు. కొలొనోస్కోపీ బాగుంటుంది, పేగు వాపును మలంలో కొలిచే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష నార్మల్ వస్తుంది. కడుపుబ్బరం, మెలిపెట్టే నొప్పి మాత్రం పోవు. "రిపోర్టులన్నీ బాగున్నాయి, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేస్తారు. ఆ మాట విని బయటికొచ్చేటప్పుడు కలిగే నిస్సహాయత నాకు తెలుసు.

పేగు గోడలో కోట్ల కొద్దీ నాడీకణాలున్నాయి. అదే గోడలో ఉండే కహాల్ కణాలనే ప్రత్యేక కణాలు వాటితో కలిసి కదలికకు లయనిస్తాయి. ఈ లయ జీర్ణాశయంలో నిమిషానికి సుమారు 3 సార్లు, చిన్నపేగు మొదట్లో 12 సార్లు. వాపు ఈ ఏర్పాటునంతా దెబ్బతీస్తుంది.

కొలైటిస్‌నే చూడండి. మలాశయం గట్టిపడి సాగే గుణం పోతే, కొంచెం మలం చేరినా ఆపుకోలేరు. అదే మనిషికి పైన పెద్దపేగులో మలం కదలకుండా పేరుకుపోయి ఉండొచ్చు. రోజుకు పదిసార్లు బాత్‌రూమ్‌కి పరుగెత్తే మనిషికి అసలు సమస్య మలబద్ధకం కావచ్చని ఎవరికి తడుతుంది? విరేచనాలని మందిచ్చి ఆపితే బాధ ఇంకా పెరుగుతుంది. కదలికను కొలవకపోతే ఈ తేడా చాలాసార్లు పట్టుబడదు.

కొలిచే దారి కూడా చేతిలోనే ఉంది. క్రోన్స్ పేషెంట్లకు చిన్నపేగు ఎంఆర్‌ఐ ఎలాగూ తీస్తారు. పేగు కదిలితే బొమ్మ మసకబారుతుందని, చాలాచోట్ల కదలికను కాసేపు ఆపే ఇంజెక్షన్ ఇస్తారు. అది ఇచ్చేముందు ఊపిరి బిగబట్టించి సుమారు 20 సెకన్లు వరసగా బొమ్మలు తీస్తే చాలు, కదలిక రికార్డవుతుంది. రేడియేషన్ ఉండదు, కొత్త మెషీన్ అక్కర్లేదు. వాపున్న చోట పేగు మందకొడిగా కదులుతుందని ఈ పద్ధతిలో ఇప్పటికే తేలింది. వాపు తగ్గాక ఏం జరుగుతోందన్నది ఇంకా లోతుగా చూడాలి.

అందుకే కొన్ని ఆస్పత్రుల్లోనైనా ఈ 20 సెకన్ల స్కాన్‌ను మామూలు పరీక్షలో చేర్పించండి. ఆ బొమ్మల పక్కనే పేషెంటు రోజువారీ బాధలు కూడా నమోదు కావాలి: అర్జంటుగా వెళ్లాల్సి రావడం, రాత్రి నిద్రలో లేవడం, నొప్పి, నీరసం, ఒక్కోటీ విడివిడిగా. ఏం అడగాలో తేల్చే కమిటీలో పేషెంట్లకూ చోటివ్వండి. ఆ పని చేయడానికి మాలో చాలామంది సిద్ధంగా ఉన్నారు.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఒక క్రోన్స్ పేషెంటు