లైఫ్ జాకెట్ ఫొటోకేనా?

సంపాదకుడు గారికి,

మే నెలలో అమలాపురం ఉక్కపోత భరించలేక, గండి పోచమ్మ దగ్గర బోటెక్కి పాపికొండలు వెళ్లాం. రెండు కొండల మధ్య అంత ఇరుకైన గోదారిని చూసి, రావులపాలెం వంతెన కింద పారేది ఇదేనా అన్నారు పిల్లలు. పేరంటాలపల్లిలో వెదురుతో చేసిన పూలు కొన్నాం (బేరమాడానని మా ఆవిడ ఇప్పటికీ తిడుతోంది). మామిడి పండగ చేసుకున్నాకే అక్కడి గిరిజనులైన కొండరెడ్లు కొత్త కాయ తింటారు. ఇలాంటివి చెప్పే గైడు లేడు, డీజే మాత్రం ఉంది.

అసలు టెన్షన్ వేరే. ఫొటోలయ్యాక అందరూ లైఫ్ జాకెట్లు విప్పేసినా సిబ్బంది కిమ్మనలేదు. 2019 సెప్టెంబరు 15న బోటు మునిగిన కచ్చులూరు మీదుగానే వెళ్లాం మరి! రేవులోనే కాదు, నది మధ్యలోనూ తనిఖీలు చేయాలి. గైడ్లుగా కొండరెడ్ల కుర్రాళ్లనే పెట్టాలి.

- ఒక పాఠకుడు, అమలాపురం