ధరల పట్టిక తెలుగులో, గుమ్మం బయటే ఉండాలి

అయ్యా,

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరాల్లో చైన్ రెస్టారెంట్లు పెరిగాయి. తినేవాళ్లను తప్పుపట్టను. కానీ ఎక్కడ తిన్నారన్నదాన్ని బట్టి మనిషిని అంచనా వేయడం పిల్లలకూ అలవాటవుతోంది. పుట్టినరోజు పార్టీ పిజ్జా దుకాణంలోనే అంటే కౌలురైతు కొడుకు ఏదో సాకు చెప్పి ఆగిపోతున్నాడు. ఆ పసివాడి అవమానం ఎవరికీ పట్టదు.

పూర్వం హోటళ్లలో కులాన్ని బట్టి వరుసలుండేవి. రాజ్యాంగం 15వ అధికరణం ఆ వివక్షను నిషేధించింది. ఇప్పుడు ఇంగ్లిష్ మెనూ, ఏసీ అద్దాల తలుపు చూసే చాలామంది వెనుదిరుగుతున్నారు. అయిదు రూపాయల అన్న క్యాంటీన్‌లో మాత్రం ఎవరూ సంకోచించరు.

ఈ రెస్టారెంట్ల చేత ధరలు తెలుగులో గుమ్మం బయటే రాయించాలి. బిల్లులో అదనంగా కలిపే సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదని 2022లోనే కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ చెప్పింది. ఆ మాట కూడా అక్కడే ఉండాలి. మునిసిపల్ అధికారులు వెంటనే కదలాలి.

– ఒక ఉపాధ్యాయురాలు, అమలాపురం