‘నేడు’ కాదండీ, ‘రేపు’ అని వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ జిల్లా ఎడిషన్లో లోపలి పేజీ అడుగున చిన్న బాక్సు వస్తుంది చూడండి, నేడు ఫలానా ఏరియాల్లో కరెంటు ఉండదు అని, దాని గురించే ఈ ఉత్తరం. నేను నెల్లూరులో ఉంటా, ఇంటి వెనక రేకుల షెడ్డులో సిరామిక్ పని చేస్తా, కప్పులు, గిన్నెలు, జాడీలు, ఈ మధ్య టైల్స్ కూడా. సిరామిక్ అంటే మా వీధిలో బాత్‌రూమ్ సామానే అనుకుంటారు, పాలామె దృష్టిలో నేను ఇప్పటికీ కమోడ్లు చేసే అమ్మాయినే, సర్లెండి అది వేరే కథ.

ఎండాకాలం మాకు పని మరీ ఎక్కువ. ఏప్రిల్ వచ్చిందంటే ఆవకాయ జాడీలు కావాలని ఫోన్లు మొదలు, జాడీ అంటే ఏదో ఒక రంగు పూసి ఇచ్చేది కాదు, లోపల గ్లేజ్, అంటే గాజులాంటి పూత, సరిగా కరగకపోతే ఉప్పూ పులుపూ కలిసి దాన్ని తినేస్తాయి. ఇంకోపక్క పిల్లలకి సెలవులు, మేడ మీద సగం మా అత్తయ్య వడియాల చీరలు, మిగతా సగం నేను ఆరబెట్టుకున్న పాతమట్టి, గాలొస్తే ఎవరి దుమ్ము ఎవరి మీద పడిందని రోజూ పంచాయితీ. దీనికి తోడు ఇంటి పని ఒకటి నెత్తిన పెట్టుకున్నా, స్టవ్ వెనక గోడకి టైల్స్ కొనొద్దు, నేనే చేస్తా అని రెండేళ్ల కిందట అన్నా. ఆ గోడ ఇంకా సిమెంటుతోనే ఉంది, చుట్టాలొచ్చినప్పుడల్లా మా ఆయన దాన్ని చూపించి మరీ నవ్వుతాడు.

టైల్ చేయడం తేలికే, ఆరబెట్టడమే కష్టం. మా మట్టి తడి నుంచి కాలేదాకా నూటికి పన్నెండు వంతులు కుంచించుకుపోతుంది, అంటే ఆరంగుళాల టైల్ కావాలంటే 6.8 అంగుళాలకి కోయాలి. మేలో ఆ పడమటి గాలికి అంచులు ముందే ఆరి పైకి లేస్తాయి, మధ్యలో ఇంకా మెత్తగానే ఉంటుంది, సాయంత్రానికి అప్పడంలా వంకర తిరిగి కూర్చుంటుంది. అందుకని టైల్ టైల్‌కీ మధ్య పాత పేపర్ పెట్టి పైన చెక్క, చెక్క మీద బరువు, రోజుకోసారి పేపర్లు మార్చడం. ఆ పేపర్లు మీవే. ఒక్కోసారి తడిమట్టి మీద మీ హెడ్డింగులు తిరగబడి అచ్చుపడతాయి, కాల్చాక ఏమీ మిగలవు కానీ అప్పటిదాకా పిల్లలు అద్దం పట్టుకొచ్చి చదువుతుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. మే మొదటివారంలో ఒకరోజు రాత్రి పదిన్నరకి కిల్న్, అంటే మట్టి సామాన్లు కాల్చే కరెంటు బట్టీ, ఆన్ చేశా, జాడీలూ, ఒక ఆర్డర్ తాలూకు 26 కప్పులూ, నా టైల్స్ కొన్నీ. రాత్రి ఎందుకంటే పగలు ఆ షెడ్డులో మనిషి నిలబడలేడు. మా మట్టికి, గ్లేజ్‌కి 1220 డిగ్రీలు కావాలి, మొదట మెల్లగా గంటకి వంద చొప్పున ఎక్కించాలి, తొందరపెడితే పగులుతుంది. పొద్దున ఆరున్నరకి కాఫీ పట్టుకుని మీ పేపర్ తీశా. బాక్సులో మా వీధి పేరు, నేడు ఉదయం 8 నుంచి 12 వరకు, చెట్ల కొమ్మల తొలగింపు. కిల్న్ వేడి చూపించే మీటర్ మీద అప్పటికి 900. కాఫీ అట్లాగే చల్లారిపోయింది. కరెంటు ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తినాయన పాపం మర్యాదగానే మాట్లాడాడు, ఇప్పుడేం చేయలేమమ్మా అన్నాడు. 8:10కి పోయింది, అప్పుడు 1118. ఇంకొక్క గంట ఉంటే అయిపోయేది.

మా ఆయన మూత తీసి చూద్దామంటాడు, తీస్తే ఇంకేమన్నా ఉందా, చల్లగాలి తగిలితే అన్నీ పగుళ్లే. మట్టిలో పలుగురాయి పొడి ఉంటుంది, అది 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి సైజు మారుతుంది, అక్కడ గబుక్కున చల్లబడితే టంగుమని చీలుతుంది. (ఆ పలుగురాయీ, మట్టిలో కలిపే ఫెల్డ్‌స్పార్ అనే ఇంకో రాయీ మాకు గూడూరు వైపు నుంచే వస్తాయి, అభ్రకం గనుల నేల కదా, సిరామిక్ డిప్లొమా చెప్పే గవర్నమెంటు కాలేజీ కూడా అక్కడే ఉంది.) కరెంటు వచ్చేసరికి పన్నెండూ ఇరవై, మీటర్ 700కి దిగింది. మళ్లీ మొదలుపెట్టి ఎక్కించా. రెండోరోజు తీస్తే గ్లేజ్ నిండా సూదితో పొడిచినట్టు చిల్లులు, 26 కప్పుల్లో బాగున్నవి తొమ్మిది. జాడీల్లో ఊరగాయ పెట్టొద్దని చెప్పి రెండిట్లో ఉప్పు పోసుకున్నాం, మిగతావి మొక్కలకి.

జనరేటర్ పెట్టుకోవచ్చుగా అంటారు. తొమ్మిది కిలోవాట్ల కిల్న్‌కి డీజిల్ లెక్కేస్తే కప్పు మీద నాకు మిగిలేది కప్పే.

నేను ఎవరినీ తిట్టడానికి రాయలేదు, వానలు రాకముందే కొమ్మలు కొట్టాలి, ఆ ఎండలో స్తంభం ఎక్కేవాళ్ల కష్టం మనకి తెలియనిది కాదు. కానీ ఏ వీధిలో ఎప్పుడు ఆపాలన్నది ఆ పొద్దున లేచి అనుకునేది కాదు కదా, ముందురోజు మధ్యాహ్నానికే తెలిసి ఉంటుంది కదా. ఆ లిస్టు ముందే తెప్పించుకుని ‘రేపు’ అని వేయండి, ఎప్పుడన్నా మారితే మారింది, పర్లేదు. నా ఒక్కదాని గోల కాదు ఇది, మా వీధి చివర కారం మిల్లు దగ్గర ఆరోజు ఎండుమిరపకాయల డబ్బాలు వరసగా పెట్టుకుని పదిమంది ఆడవాళ్లు పన్నెండు దాకా మెట్ల మీద కూర్చున్నారు, అందులో మా అత్తయ్య కూడా ఉంది.

కిల్న్‌లో ఇప్పుడు నలభై టైల్స్ సర్ది పెట్టా, స్టవ్ గోడకి సరిగ్గా సరిపోతాయి. గురువారం రాత్రి ఆన్ చేద్దామని అనుకుంటున్నా. గురువారం పొద్దున పేపర్లో శుక్రవారం సంగతి ఉందేమో చూస్తా.

ఇట్లు,
మీ పాఠకురాలు, నెల్లూరు