లంఖణం పెట్టకమ్మా

ఉట్రెక్ట్, నెదర్లాండ్స్,
ఆగస్టు 24

అమ్మా,

నిన్న ఫోనులో నీ మీద గొంతు పెంచాను. పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మళ్లీ ఫోను చేస్తే మళ్లీ అదే జరుగుతుంది. నువ్వు "సరేలే" అంటావు, నేను ఇంకాస్త విసుక్కుంటాను. అందుకే ఈ ఉత్తరం. కళ్లజోడు పెట్టుకుని, మధ్యలో పొయ్యి దగ్గరికి లేవకుండా చదువు. అన్నయ్య చేత చదివించుకోకు. వాడికి నచ్చని ముక్కలు దాటేస్తాడు.

బుజ్జికి విరేచనాలు పట్టుకున్న రెండు రోజులూ ఆ చిన్నపిల్లకు ముద్ద పెట్టలేదు. నీళ్లు కూడా చెంచాతో కొలిచి ఇచ్చారు. తాగిందంతా పోతోందని, కడుపుకు విశ్రాంతి కావాలని, లంఖణం పరమౌషధమని నువ్వన్నావు. పక్కింటి మావుసి కూడా అదే చెప్పిందట. ఒకే తప్పును ఒరియాలోనూ తెలుగులోనూ చెప్పగల ఊరు మన పర్లాకిమిడి!

నా ఉద్యోగం ఏమిటో ఎన్నోసార్లు అడిగావు, ఎప్పుడూ "ల్యాబులో" అని దాటవేశాను. ఇప్పుడు చెబుతాను. చిన్నపేగులోంచి గొట్టంతో తీసిన కండ ముక్కలు నా బల్ల మీదికి వస్తాయి. బియ్యపు నూకంత ఉంటాయి. వాటిని మైనంలో బిగించి, ఉల్లిపొర కూడా మందమే అనిపించేంత పలచగా కోసి, గులాబీ, ఊదా రంగులు పట్టించి గాజు పలక మీద పరుస్తాను. సూక్ష్మదర్శిని కింద చూస్తే మన టర్కీ తువ్వాలు గుర్తొస్తుంది. తువ్వాలు మీద నూలు పోగులు లేచి నిలబడినట్టే పేగు లోపలి గోడ నిండా సన్నని వేళ్లు ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరుకు మించదు. బడి పుస్తకంలో వాటిని ఆంత్ర చూషకాలు అన్నారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టి అమ్మకు రాసే ఉత్తరంలో ఆ మాట వాడితే ఆయన ఊరుకోరు. పీల్చే వేళ్లు అనుకుందాం.

మనం తిన్నది ఒంటికి పట్టేది ఆ వేళ్ల దగ్గరే. కడుపులో పట్టేది తక్కువ, అక్కడ జరిగేది ఎక్కువగా రుబ్బడమే. చిన్నపేగు మొదట్లోనే పైత్యరసం, క్లోమరసం వచ్చి కలుస్తాయి. అన్నం చక్కెరగా, పప్పు ఇంకా చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఇనుము మొదటి మూరల్లో లోపలికి వెళుతుంది. బి12 అనే విటమిన్ మాత్రం చిట్టచివరి భాగం దాకా ఆగుతుంది. ఈ వేళ్లన్నీ చాపలా పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతాయని పుస్తకాల్లో రాసేవారు. 2014లో స్వీడన్‌లో ఇద్దరు పరిశోధకులు లెక్క సరిచూసి, 30 చదరపు మీటర్ల చిల్లర అన్నారు. మన ముందు గదికి రెండింతలు అనుకో. అదీ తక్కువేమీ కాదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. పెద్దవాళ్ల పేగులోకి రోజూ దాదాపు 9 లీటర్ల ద్రవం వస్తుంది. మనం తాగేది అందులో రెండు లీటర్లే. మిగిలిందంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం లాంటివి. ఒంట్లోంచి వచ్చినదాన్ని పేగు మళ్లీ ఒంట్లోకే లాగేస్తుంది. చివరికి బయటికి పోయేది గ్లాసెడు కూడా ఉండదు. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. కలరా విషమైతే పేగు గోడ చేతే ఉప్పునీళ్లు బయటికి పోయిస్తుంది. కానీ అప్పుడు కూడా ఒక ద్వారం మూతపడదు. నేను ఇంత రాస్తున్నది ఆ ద్వారం గురించే.

బస్టాండు దగ్గర నిండితే గాని కదలని ఆటోలు ఉంటాయి కదా, ఇదీ అలాంటిదే. ఉప్పు ఒక్కటే వచ్చి కూర్చుంటే కదలదు. గ్లూకోజు కూడా ఎక్కితేనే రెండింటినీ లోపలికి తీసుకెళుతుంది, వాటి వెనకే నీళ్లూ వెళతాయి. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రాగ్‌లో ఈ జంట ప్రయాణం గురించి చెప్పాడు. 1971లో, నువ్వు ఐదో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటాను, బంగ్లాదేశ్ శరణార్థులు బెంగాల్‌లోని బన్‌గావ్‌కు లక్షలుగా వచ్చారు. కలరా పట్టుకుంది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట అది నలుగురి లోపుకు దిగింది. 2022లో ఆయన పోయాక, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆలస్యంగానైనా ఇచ్చారులే.

నాయనమ్మ ఏం చేసేదో గుర్తుందా? ఎవరికి విరేచనాలైనా గంజిలో ఉప్పు వేసి, గోరువెచ్చగా, గ్లాసు పక్కనే కూర్చుని పట్టించేది. గంజిలోని పిండి పేగులో గ్లూకోజే అవుతుంది. క్రేన్ పేరు వినకుండానే ఆవిడ ఆటో నింపింది. మావుసి వాళ్లకూ ఆ గంజి తెలుసు, పేజ అంటారు. తెలిసినదాన్ని పక్కన పెట్టి ఆ లంఖణం సామెత పట్టుకున్నారు, నా కోపమంతా అక్కడే.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. పైగా నేనే నీకు ఒక ఆధారం అందించబోతున్నాను. గోధుమ పడని జబ్బు ఒకటుంది, సీలియాక్ అంటారు. అది ఉన్నవాళ్ల పలకలు చూస్తే వేళ్లు అరిగిపోయి, నలిగిన తువ్వాలులా చదునుగా కనిపిస్తాయి. ఇది గోధుమ వల్లేనని పట్టుకున్నది ఈ దేశపు పిల్లల డాక్టరు విల్లెమ్ డిక్కె. యుద్ధానికి ముందే ఆయనకు అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో ఇక్కడ కరవు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఆ జబ్బు పిల్లలు తేరుకున్నారు. చూశావా, పస్తు మంచిదే అంటావు. కాదు. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగి వచ్చింది. వాళ్లకు మేలు చేసింది పస్తు కాదు, గోధుమ లేకపోవడం. బుజ్జికి గోధుమతో ఏ గొడవా లేదు, నీ పూరీలన్నీ అరిగించుకుంటుంది. పైగా ఆ వేళ్ల మీది కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలి కొత్తవి వస్తాయి. వాటికి మేత మన పళ్లెంలోదే. పస్తు పెడితే పాడైన గోడ కట్టుకోవడానికి ఇటుకలు ఆపినట్టే.

ఇంకోసారి అయితే ఇలా చెయ్యి. ఓఆర్‌ఎస్ పొట్లం, అదే ఆ ఉప్పూ గ్లూకోజు కలిపిన పొడి, ఎంత నీటికో దాని మీదే ఉంటుంది, అన్ని నీళ్లలోనే కలుపు. పొట్లం లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచాలు, గుట్టగా కాదు, అంచు వరకే. తియ్యగా ఉంటే తాగుతుందని చక్కెర పెంచకు. ఎక్కువైన చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి గుంజుతుంది. మందుల షాపులో ఎవరో అంటగట్టిన ఆ రంగు నీళ్ల డబ్బా అందుకే పనికిరాలేదు. విరేచనం అయిన ప్రతిసారీ అర గ్లాసు నుంచి గ్లాసు దాకా, గుక్క గుక్కగా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ. మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు ఆపొద్దు. జింకు మాత్రలు పది పద్నాలుగు రోజులు వాడాలి, మోతాదు డాక్టరు చెబుతారు. కళ్లు లోపలికి పోయినా, ఉచ్చ ఆగినా, రక్తం పడినా, మత్తుగా వాలిపోయినా ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఈ ఉత్తరం చేరేసరికి బుజ్జి వీధిలో పరుగులు పెడుతూ ఉంటుంది. ఇది వచ్చే వానాకాలానికి దాచు, ఓఆర్‌ఎస్ ముక్క ఉన్న కాగితం వదినకు ఇయ్యి.

ఇక్కడ తరవాణి, అదే మన పులిసిన గంజినీళ్లు, పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాను. చలికి పులవలేదు. మూడోసారి హీటరు పక్కన పెడితే పులిసింది గానీ పక్క గది అమ్మాయి తలుపు తట్టింది. మావుసి వాళ్లు దాన్నే తొరాణి అంటారు కదా, ఆవిడ దాని మీద నిమ్మాకు తుంచి వేసేది, ఇక్కడ నిమ్మాకు ఎక్కడ దొరుకుతుంది? నాయనమ్మ మట్టికుండ అటక మీద ఇంకా ఉందా? ఉంటే పారేయకు, డిసెంబరులో వచ్చి తీసుకెళతాను. పగలకుండా ఎలా తేవాలో అన్నయ్యను ఆలోచించమను.

నీ
చిన్నది