226 శాతం జ్ఞాపకశక్తి: శీర్షికలో చెప్పని సంగతులు

సంపాదకులకు నమస్కారం.

రాత్రి పరిమళం పీల్చుకుంటూ నిద్రపోతే జ్ఞాపకశక్తి 226 శాతం పెరుగుతుందన్న వార్తను బంధువులు నలుగురు నాకు ఫోనులో పంపారు. మతిమరుపు వ్యాధి ఉన్న తండ్రిని చూసుకుంటున్నవాణ్ణి. ఆశ చావక అసలు అధ్యయనం వెతికి చదివాను.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ శాఖ పరిశోధకులు 2023లో ప్రచురించారు దాన్ని. పాల్గొన్నది 60 నుంచి 85 ఏళ్ల మధ్య వయసున్న 43 మంది. ఒక బృందానికి ఆరు నెలలపాటు, ఏడు పరిమళాల్లో రాత్రికొకటి చొప్పున, రెండేసి గంటలు గదిలో వదిలారు. రెండో బృందానికి నామమాత్రపు వాసన. విన్న పదాలను తిరిగి చెప్పే ఒకానొక పరీక్షలో ఈ రెండు బృందాలకూ వచ్చిన తేడాయే ఆ 226. ఎవరి జ్ఞాపకశక్తీ మూడింతలు కాలేదు. పైగా వారిలో ఎవరికీ మతిమరుపు వ్యాధి లేదు! నిధులిచ్చింది పరిమళ ఉత్పత్తులు కూడా అమ్మే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ. ఇవన్నీ రెండు వాక్యాల్లో పట్టే సంగతులే.

అలాగని కొట్టిపారేయను. వాసన కబురు థాలమస్ అనే కూడలిలో ఆగకుండానే జ్ఞాపకాలతో, ఉద్వేగాలతో ముడిపడిన మెదడు భాగాలకు చేరుతుంది. అల్జీమర్స్ మొదట దెబ్బతీసేవాటిలో ఆ భాగాలూ ఉన్నాయి. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లోనే గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనలను రోజూ రెండు పూటలా 12 వారాలు పీల్పించి, వాసన శక్తి తగ్గినవారిలో కొందరికి మేలు కలిగిందని చూపింది. అయితే అది ముక్కుకు జరిగిన మేలు. జ్ఞాపకశక్తి సంగతి తేలాలంటే వ్యాధి నిర్ధారణ అయినవారిపై పెద్ద అధ్యయనాలు జరగాలి, అదీ అమ్మకందారుల డబ్బుతో కాకుండా.

ఈలోగా ఆరోగ్య శాఖ చేయదగిన పని ఒకటుంది. మా నాన్నగారు పేర్లు మరచిపోవడానికి రెండేళ్ల ముందే, వంటింట్లో గ్యాస్ లీకవుతున్నా వాసన పసిగట్టలేకపోయారు. డాక్టరుగారితో చెబితే వయసు ప్రభావమన్నారు. మేమూ సరేననుకున్నాం. జలుబు, సైనస్, కోవిడ్ వల్ల కూడా వాసన పోవచ్చు కనుక దీన్ని మతిమరుపుకు రుజువుగా తీసుకోకూడదు. కానీ వాసన తెలుస్తోందా అని డాక్టర్లు అడగనైనా అడగాలి కదా? కాగితాన్ని గీకి 40 వాసనలు గుర్తుపట్టే పరీక్షను అమెరికా పరిశోధకుడు రిచర్డ్ డోటీ బృందం 1984లోనే రూపొందించింది. పెద్దవారి కళ్లు, చెవులు చూసే వైద్య శిబిరాల్లో ముక్కుకూ ఐదు నిమిషాలు కేటాయించమని నా విన్నపం.

వార్త పంపిన నలుగురికీ ఇదే రాశాను. వారిలో ఒకరు అప్పటికే పరిమళ యంత్రం కొనేశారట.

భవదీయుడు,
ఒక పాఠకుడు