ఆ చీటీ ఎవరూ అందించకండి

గూడూరు

అమ్మలూ,

నిన్న నీ ఫోన్ వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. మాస్టారి స్మారకోపన్యాసానికి జనం రారేమోనని నీకు టెన్షన్. మంత్రిగారినో సినిమావాళ్లనో పిలుద్దామని మీ వాళ్లంటున్నారన్నావు. ఫోన్‌లో నోరు పెగలక ఊరుకున్న సంగతొకటి రాస్తున్నాను.

నేను మద్రాసులో ఎం.ఏ. చదివేటప్పుడు మా గురువుగారు పోయారు. సంవత్సరీకం నాటికి విద్యార్థులమే చందాలు వేసుకుని సభ పెట్టాం. వేదిక మీద ఏడు కుర్చీలు, దండలు, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరి పొగడ్తలు. ఉపన్యాసం ఇవ్వాల్సిన పెద్దాయన రాజమండ్రి నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని, ఇరవై పేజీలు రాసుకుని వచ్చారు. ఆయన వంతు వచ్చేసరికి హాలుకు తాళం వేసే వేళయింది. రెండో పేజీలో ఉండగా ‘టైమ్ అయిపోయింది, ముగించండి’ అని చీటీ రాసి చేతికిచ్చింది నేనే. చదువుకుని, నా వంక ఒకసారి చూసి, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆ మిగతా పేజీల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనా లేరు.

మీ మాస్టారు మీకు తాళపత్రం చదవడం నేర్పారు. మాటకూ మాటకూ ఎడం ఉండదు, పద్యానికి పాదాల విరుపు కనబడదు, గంటంతో గీసిన అక్షరం మసి పూస్తే గాని కంటికి ఆనదు. మొదటిసారి ఒక పద్యం విడదీసిన రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి చదివి వినిపించావు. మీ అమ్మ లేచి కూర్చుని విన్నది. ఆ తాళపత్రాలుండే మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయం 1869లో మొదలైంది, మా రోజుల్లో చేపాక్‌లోనే, యూనివర్సిటీ లైబ్రరీ భవనంలో ఉండేది. కోటూరుపురంలోని అన్నా సెంటినరీ లైబ్రరీకి మారాక కూడా మాస్టారు మిమ్మల్ని బస్సెక్కించి తీసుకెళ్లేవారు. బ్రౌన్ దొర సేకరించిన ప్రతులు అందులోనే ఉన్నాయి. ఒక్క ప్రతిని నమ్మి ఊరుకోలేదాయన. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులకు జీతాలిచ్చి ఏ ప్రతిలో ఏ మాట ఉందో సరిపోల్పించాడు. మాస్టారు మీచేత చేయించిందీ ఆ పనే.

అందుకని, ఇప్పటికీ ఆ పనిలో ఉన్నవాళ్లనే పిలవండి. ఒకే ఒక్క పద్యం, దాని పాఠభేదాలు, అంటే ప్రతికీ ప్రతికీ మారిన మాటలు, తెర మీద చూపించి, ఏది సరైందో, ఎందుకో చెప్పమనండి. గంట ఉపన్యాసానికి, అరగంట ప్రశ్నలకు అని ఆహ్వాన పత్రికలోనే వేసేయండి. వేదిక మీద రెండు కుర్చీలు చాలు. ఉపన్యాసం ముందే రాయించుకుని చిన్న పుస్తకంగా వేయండి, ఫ్లెక్సీలకు అనుకున్న డబ్బు దానికి పెట్టండి. నలభై మందే వచ్చినా దిగులు పడకు.

మాస్టారి ఇంటికి వెళ్లి అమ్మగారిని అడిగావా? ఆవిడకు వీలైన తేదీనే ఖాయం చేయండి.

ఆ రోజు పొద్దున బండికి వస్తాను. సెంట్రల్‌లో దిగి నేనే చేపాక్ వచ్చేస్తాను, నువ్వు పనులొదిలి స్టేషన్‌కు రావద్దు. పుస్తకం నాకొకటి తీసిపెట్టు.

మీ నాన్న